బంతి ఎవరి చేతికి?

బాస్కెట్‌బాల్‌లో గురి తప్పిన బంతిని ఎవరు అందుకుంటే రీబౌండ్ వాళ్ల ఖాతాలో పడుతుంది. అందుకోవడానికి జాగా చేసిపెట్టిన మనిషికి స్కోరు పట్టికలో గడి లేదు. ఇందులో న్యాయమెంత అన్నది నన్ను వదలని ప్రశ్న.

2017-18లో ఓక్లహామా సిటీ థండర్ జట్టుని చూడండి. ఆరడుగుల మూడంగుళాల గార్డు రస్సెల్ వెస్ట్‌బ్రూక్ ఆటకు సగటున 10.1 రీబౌండ్లు పట్టాడు. అతనికన్నా ఎంతో పొడుగైన సెంటర్ స్టీవెన్ ఆడమ్స్ పట్టినవి 9. ఆ 9ని విడదీస్తే అసలు సంగతి తెలుస్తుంది. సొంత జట్టు గురి తప్పినప్పుడు ప్రత్యర్థుల మధ్య దూరి పట్టినవి 5కు పైనే. ప్రత్యర్థి గురి తప్పినప్పుడు, తేలిగ్గా దొరకాల్సినవి 4 కూడా లేవు. మామూలుగా సెంటర్లకి ఇది తలకిందులుగా ఉంటుంది. తమ రింగు దగ్గర ఆడమ్స్ బంతి కోసం ఎగబడడు. ప్రత్యర్థికి వీపు ఆనించి, కాళ్లు ఎడంగా నిలదొక్కుకుని, అతన్ని రింగుకి దూరంగా ఆపుతాడు. దీన్నే బాక్స్ అవుట్ అంటారు. ఖాళీ అయిన చోట వెస్ట్‌బ్రూక్ బంతి అందుకుని అట్నుంచటే ఎదురుదాడికి పరిగెడతాడు. జట్టుకది లాభం కూడా. కనుక అతన్ని దొంగ అనలేం.

ఆడమ్స్ ఇష్టపడే చేశాడు కదా అంటారు. ఈ మాట మనం వినందా? పాత సిద్ధాంత గ్రంథాల కృతజ్ఞతల పేజీలు తిరగెయ్యండి. సాఫు ప్రతి రాసి, ప్రూఫులు దిద్ది, పిల్లల అల్లరి గదిలోకి రాకుండా చూసిన ‘శ్రీమతి’ చివరి వాక్యంలో, ఒక్కోసారి పేరైనా లేకుండా, కనిపిస్తుంది. ఆమే ఇష్టపడే చేసింది. కానీ ఆడమ్స్‌తో జట్టు 2016లోనే నాలుగేళ్లకు సుమారు 10 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అందులో బాక్స్ అవుట్ల వాటా ఎంతో విడదీయలేం గానీ, పట్టికలో గడి లేనందుకు అతను పస్తులైతే ఉండలేదు.

ఎన్‌బిఎ ఇప్పుడు బాక్స్ అవుట్లనీ లెక్కపెడుతోంది. నాకు అంతకన్నా నమ్మకమైన లెక్క మరొకటి ఉంది: మనిషి కోర్టులో ఉన్నప్పుడు, లేనప్పుడు జట్టు మొత్తానికి దక్కిన రీబౌండ్లు ఎన్ని? బ్రూక్ లోపెజ్ లాంటివాళ్ల విలువ అక్కడే బయటపడుతుంది. తను పట్టేవి తక్కువే, తనుంటే జట్టు పట్టేవి ఎక్కువ.

సిద్ధాంత గ్రంథాలకీ ఆ లెక్క కట్టొచ్చు. శ్రీమతి లేని ఇంట్లో పుస్తకం పూర్తవడానికి ఎన్నేళ్లు పడుతుంది? వంటా, పిల్లలూ, సాఫు ప్రతీ అన్నీ తామే చూసుకుంటూ పిహెచ్‌డి చేసిన స్త్రీల గడువు పొడిగింపు దరఖాస్తులు విశ్వవిద్యాలయాల ఫైళ్లలో ఉంటాయి. వాటిలో రెండు నావి. కారణం అన్న గడిలో ‘వ్యక్తిగతం’ అని రాశాను.