పట్టు విడుపులు

త్రాగుడు మానదలచినవానికి మనవారు చెప్పెడి హితవు సాధారణముగా నొక్కటియే: "మనస్సు గట్టిపరచుకొనుము." చెప్పువానికి దీనివలన వ్యయమేమియు లేదు. వినువాడును తల యూపును. దైవము నెదుట నొట్టు పెట్టుకొనును. మూడవనాటి సాయంకాలమునకు మరల నంగడి గడప త్రొక్కును. ఇట్టివారందరును మనోబలము లేనివారని తీర్పు చెప్పుట సులభము. కాని వారిలో నొకడు ఇరువదియేండ్లు రాత్రిపని చేసి తమ్ములను చదివించినవాడు. మరియొకడు పోయిన పిత్రార్జితమును ఎకరమెకరముగా తిరిగి కొన్నవాడు. అంత పట్టుదల గలవారికి ఈ యొక్కచోట పట్టు ఏల జారిపోవుచున్నది?

గజేంద్రమోక్షణ కథ మన యిండ్లలో చిన్నపిల్లలకును తెలియును. ఆ యేనుగు బలహీనమైనది కాదు. అది దిగిన చోటు మొసలిది. పురాణము చెప్పువారు రక్షకుడు వచ్చిన ఘట్టమును విస్తరింతురు. నాకు దానికి ముందరి క్షణమే ముఖ్యముగా దోచును. తన బలముతో నిది తీరదని యేనుగునకు తెలిసిన క్షణ మది. పిలువబడినవాడు విష్ణువా, వైద్యుడా, తోడి మనుష్యుడా యను చర్చ నిచ్చట పెట్టుకొనను. తనకు బలమున్నదని నిరూపించుకొనుటకై ప్రతిదినము ఆ యంగడి ముందుగనే నడచిపోవుట, ఒక్క గ్రుక్కతో నాపగలనని తన్ను తాను పరీక్షించుకొనుట, నీటిలో మొసలితో పెనగుటయే.

వైద్యశాస్త్రము చెప్పునదియు దీనికి దూరము కాదు. చిరకాలము మద్యమున కలవాటుపడిన మెదడు అది లేకుండ నిలువలేని స్థితికి వచ్చును. అట్టివాడు ఒక్కసారిగా మానినచో చేతులు వణకుట, నిద్ర పట్టకుండుట మొదలై, కొందరికి మూర్ఛలును, రెండు మూడు దినములకు మతిభ్రమయు కలుగును, ప్రాణాపాయమును కలదు. ఒట్టు పెట్టుకొని తలుపు మూసికొని కూర్చుండుట వీరత్వము కాదు. వైద్యుని కడకు పోవలెను. అమెరికా వైద్యసంఘము 1956లో దీనిని రోగముగా నంగీకరించినది.

అంతకు ముందే, 1935లో, ఆ దేశమున ఓహియో రాష్ట్రములోని ఆక్రన్ పట్టణమునందు బిల్ విల్సన్ అను షేర్ల వ్యాపారి యొకడు చిక్కులో పడెను. అతడు త్రాగుడు మాని కొన్ని మాసములైనది. వచ్చిన వ్యవహారము చెడినది. బసచేసిన హోటలులోని పానశాల సందడి చెవిని బడుచున్నది. అతడు తన మనోబలమును పరీక్షింపలేదు. తనవంటి మరియొక త్రాగుబోతుతో మాటలాడవలెనని వెదకుకొని, బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుని కలిసికొనెను. ఆ యిరువురి సంభాషణనుండి పుట్టినదే ఆల్కహాలిక్స్ ఎనానిమస్ సంఘము. మద్యము నెదుట తాము నిస్సహాయులమని యొప్పుకొనుట వారి నియమములలో మొదటిది.

ఇచ్చట మనవా రొక సంశయము లేవదీయుదురు. నిస్సహాయుడ ననుట మనకు క్రొత్తయా? తలవ్రాత యనుచు త్రాగువారే గదా మన యూళ్ల నిండ నున్నది? ఈ సంశయము త్రోసివేయదగినది కాదు. కాని తలవ్రాత యనువాడు తన చేతిలో లేనిదానితోబాటు చేతిలో నున్నదానిని గూడ పారవైచును. సీసా తెరచిన పిమ్మట నాపుట తనకు శక్యము కాదని నిజముగా నెరిగినవాడో, తెరవకుండుటకు కావలసిన యేర్పాటు లన్నియు చేసికొనును. జీతము భార్యచేతి కిచ్చును, దారి మార్చుకొనును, పాత స్నేహములను వదలుకొనును. ఒప్పుకోలు నిజమైనదో కాదో ఆ దారి మార్పునుబట్టి తెలియును, కన్నీళ్లనుబట్టి కాదు.

స్త్రీలకు సహనము బోధించుటలో మనవారికి గల యుత్సాహమును దలచి యింకొక మాటయు చెప్పవలసియున్నది. విడిచిపెట్టుట యనగా దెబ్బలను, పస్తులను భరించుట కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిపూట అక్షరములు దిద్దుకొన వచ్చిన స్త్రీలు తమ యూరి సారాయంగడిని మూయించిరి. 1992లో ఆ యుద్యమము జిల్లా యంతటను వ్యాపించెను. భర్తల మనస్సులు వారి చేతిలో లేవు. ఊరిలోని యంగడి మాత్రము చేతి కందునంత దూరములో నుండెను, దానిని పట్టుకొనిరి. 1993లో సారాయి నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చినవి. రెండవది 1997లో సడలిపోయినది. అది వేరు కథ.

పట్టవలసిన దేదో, విడువవలసిన దేదో ఊరిలో కంటె ఇంటిలో తెలిసికొనుట కష్టము. ఉపాధ్యాయుడుగా పనిచేసి విరమించిన నా మిత్రు డొకడు త్రాగుడు మానిన పదునెనిమిది మాసములకు నాయొద్దకు ఫిర్యాదుతో వచ్చెను. "ఏమండీ, ఒక్క చుక్క ముట్టలేదు. ఆవిడ యింకను బీరువా తాళపుచెవి నడుమున దోపుకొనియే తిరుగుచున్నది. పెద్దవాడు నాతో మాటాడి మూడేండ్లయినది. ఇంక నన్నేమి చేయమందురు?"

మొదట నాకును జాలి కలిగెను. ఆలోచింపగా, అతడు సీసాను విడిచెను గాని లెక్కపుస్తకమును విడువలేదని తోచినది. తాను మానుటను జమకట్టి, నమ్మకమును బాకీగా వసూలు చేయజూచుచున్నాడు. బాకీ రానిచో? 'ఇంత చేసినను వీరు నమ్మరు. ఇక మాని యేమి లాభము?' ఈ వాక్యమునకు చివర నంగడి యున్నది. క్షమింపుమని యడుగుట తండ్రి వంతు. క్షమించుటయో, ఎన్నటికిని క్షమింపకుండుటయో కుమారుని యిష్టము. తన పరీక్షరుసుమును తండ్రి త్రాగివేసిన రాత్రి యెట్టిదో ఆ పిల్లవానికే తెలియును.

ఈ మాట యనగా నతనికి కోపము వచ్చెను. నెలదినములు మా గడప త్రొక్కలేదు. తొందరపడితినేమో యని నేను భయపడితిని. ఒకనాడు ఆ యంగడివైపునకు మనిషిని పంపి విచారించితిని గూడ. అది చేయదగిన పని కాదు.

అతని భార్యయు నదే చేయుచుండెనట. ప్రతిసాయంకాలము ఆయన విడిచిన చొక్కాను చాటుగా వాసన చూచుచుంటినని మా యింటిలో చెప్పి యేడ్చెను. నా యుద్దేశమున తాళపుచెవియు, చొక్కాయు నొకటి కావు. తాళపుచెవి ఇంటి బియ్యమునకు కావలి. దానిని విడువుమనుటకు నా కధికారము లేదు, ఆమె భర్తకును లేదు. చొక్కా వాసన చూచినంతమాత్రమున త్రాగుడు ఆగదు. వాసన లేని సాయంకాలమున గూడ ఆమెకు మరునాటి భయమే మిగులును. త్రాగువారి కుటుంబములకై 1951లో అమెరికాలో అల్-అనాన్ అను సంఘ మేర్పడినది. బిల్ విల్సన్ భార్య లోయిస్ దాని స్థాపకులలో నొకతె. ఇంటివారికిని విడువవలసిన దొకటి కలదని ఆమె తన సంసారమునందే నేర్చుకొనెను.

మొన్న నా మిత్రుడు మరల వచ్చెను. తాళపుచెవి ప్రసంగము తేలేదు. కుమారుడు పండుగకు వచ్చి, తల్లితో మాటాడి వెళ్లెనట. "నేను అరుగుమీదనే కూర్చుంటినండీ. పోవునప్పుడు నా చెప్పులు ప్రక్కకు జరిపి, తనవి తొడుగుకొన్నాడు" అని చెప్పి, కాఫీ త్రాగి, పాలు తేవలసిన వేళయైనదని లేచిపోయెను.