మాడిన పోపు

కోరుట్ల పక్క ఊరి పిల్లగాడొకడు దుబాయి బయలుదేరాడు. పాస్‌పోర్టు, వీసా సంచిలో ఉన్నాయి. అప్పు కాగితం ఇంట్లో ఉంది. అమ్మ కట్టిచ్చిన 5 కిలోల మామిడికాయ తొక్కు, డబ్బాడు సకినాలు, చేనులో పండిన కొమ్ములు ఉడకబెట్టి ఎండబోసి పట్టించిన పసుపు వెంట ఉన్నాయి. పొయ్యి ముట్టించడం మాత్రం రాదు. మగపిల్లగాడికి ఆ పని ఎవరు చెప్పారు గనుక!

క్యాంపు గదిలో 8 మంది. అందరిదీ జగిత్యాల, సిరిసిల్ల వైపే. వంట వంతులవారీగా చేసుకుంటారు. తన మొదటి వంతు నాడు అమ్మకు ఫోన్ చేసి ఎసరు ఎంత పెట్టాలని అడిగాడు. "వేలు ముంచి సూడు కొడుకా, బియ్యం మీద ఒక గణుపు నీళ్లుండాలె" అందామె. ఆమె చేతికి అలవాటైనవి పొలాస పరిశోధన కేంద్రం ఇచ్చిన జగిత్యాల సన్నాలు, అదే జేజీఎల్ 1798. ఇక్కడి బస్తాలో ఉన్నవి ఉప్పుడు బియ్యం, వాటికి నీళ్లు ఇంకా కావాలి. అన్నం పలుకు మిగిలింది. ఎవరూ ఏమీ అనలేదు. తొక్కు కలుపుకుని తినేశారు.

కొన్నాళ్లకు తొక్కు అయిపోయింది.

ఆ వారం పప్పు వంతు. నూనె పొగలు కక్కుతుంటే ఆవాలు, జీలకర్ర, ఎల్లిపాయలు, పసుపు అన్నీ ఒక్కసారే వేశాడు. పసుపు పండించే ఇంట్లో పుట్టినవాడికి పసుపు అంత తొందరగా నల్లబడుతుందని తెలియదు. హడలిపోయి మీట ఆపాడు. కరెంటు పొయ్యి ఆపినా వేడి వెంటనే దిగదు. ఎల్లిపాయ బొగ్గయింది. అటూ ఇటూ చూసి, ఉడికిన పప్పంతా తెచ్చి ఆ పోపు మీద పోసేశాడు.

ఆ రాత్రి 8 కంచాల్లోనూ చేదే.

గదిలో సిరిసిల్ల కాక ఒకాయన ఉన్నాడు. వయసులో ఉండగా ఊళ్లో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపి, తర్వాత భీవండి పోయి, అక్కడా గిట్టుబాటు కాక ఇటు వచ్చినవాడు. గిన్నెలు తోముతుండగా అడిగాడు.

"పోపు మాడినప్పుడు సూసినవా?"

"సూసిన కాకా. పప్పుల కలిస్తె తెల్వదనుకున్న."

"సాంచ నడుస్తుంటె పోగు తెగుతది బిడ్డా. తెగుడు తప్పు గాదు, రోజూ తెగుతది. ఆపి ముడేస్తె నిమిషం పని. ఎవలు సూడలేదని నడిపిస్తె బట్ట పొడుగూతా గీతే. నువ్వు దాసుకున్నది రెండు చెంచాల నూనె, నాలుగు ఎల్లిపాయలు. పాడుజేసింది ఎనిమిది మంది బువ్వ."

మళ్లీ వంతు వచ్చినప్పుడు కూడా ఎల్లిపాయ మాడింది. ఈసారి పారబోసి, గిన్నె తుడిచి, మళ్లీ మొదలుపెట్టాడు. ఆవాలు చిటపటమన్నాక జీలకర్ర, ఎండుమిరప, ఆ తర్వాత ఎల్లిపాయ, పొయ్యి మీంచి దింపాక పసుపు. రోజూ "మంచిగ తింటున్న" అని చెప్పే అమ్మకు ఆ రాత్రి నిజం చెప్పాడు. "రెండుసార్లు మాడ్చిన అమ్మా."

ఆమె నవ్వింది. "పెండ్లయిన ఏడు నేనెన్ని మాడ్చిన్నో! అన్నీ పెంటకుప్పల వోసిన. మీ నాయినకు ఇప్పటికీ తెల్వదు."

నీతి: వంట కొత్తగా పట్టినవాడి చేతిలో పోపు మాడుతుంది. మాడినదాన్ని మంచి పప్పుతో కప్పితేనే నష్టం.

అయితే ఈ కథలో తప్పంతా పిల్లగాడి మీద వేయడానికి నాకు మనసొప్పదు. ఇరవై ఏళ్లు కంచం ముందుకు జరిపి, ఒక్కనాడూ గరిటె చేతికివ్వని ఇంటికీ అందులో వాటా ఉంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల తల్లులారా, కొడుకు పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టిన నాడే పొయ్యి అప్పజెప్పండి. ఆ నాలుగు ఎల్లిపాయలేవో మీ కళ్లముందే మాడనివ్వండి.