ఊరికే చేసే పని

తిరుత్తణిలో మా వీధి చివర పూలకొట్టు పెట్టుకున్నాయన ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. కూతురు మద్రాసులో ఎం.ఏ. అర్థశాస్త్రం చదువుతోంది. అభివృద్ధి పథకాలు చూసే ఒక ప్రభుత్వ కార్యాలయం ఆ అమ్మాయిని వేసవిలో రెండు నెలలు ఢిల్లీకి ఇంటర్న్‌గా రమ్మంది. జీతం లేదు. రైలు చార్జీ, గది అద్దె, తిండి మనవే. "దీనికి మీ బ్యాంకులో అప్పు పుడుతుందా సార్?" అన్నాడు.

చదువు అప్పు కోర్సుకు ఇస్తాం గాని ఇలాంటిదానికి ఇవ్వం. ఆ మాటే చెప్పాను. "పని వాళ్లది, ఖర్చు మాదా? ఇదేం లెక్క సార్?" అన్నాడు. కామర్స్ చదివినవాణ్ణి, నాకూ ఆ లెక్క కుదరలేదు.

నేర్చుకునేవాడికి జీతమెందుకని అడగవచ్చు. కంసాలి దగ్గర చేరిన కుర్రవాడు మొదట కొట్టు ఊడ్చేవాడు, కొలిమి ఊదేవాడు. నిజమే, కాని రెండు పూటలా అన్నం ఆ ఇంట్లోనే. 1961 అప్రెంటిస్ చట్టం ఆ అన్నాన్నే భృతిగా మార్చింది. కనుక మన ఆవడి ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరిన ఐ.టి.ఐ. కుర్రవాడికి నెలనెలా భృతి వస్తుంది. ఎం.ఏ. అమ్మాయికి సర్టిఫికెట్ వస్తుంది.

ఇంకో విచిత్రం. 1964 నుంచి మన ప్రభుత్వం ఐటెక్ కార్యక్రమం కింద ఆసియా, ఆఫ్రికా దేశాల అధికారులను పిలిపించి శిక్షణ ఇస్తోంది. విమానం టికెట్టు, బస, చేతిఖర్చు అన్నీ మనమే పెట్టుకుంటాం. పెట్టవలసిందే. ఇంటిబిడ్డ దగ్గర ఆ మర్యాద ఏమైంది? విదేశాంగ శాఖ మాత్రం ఇప్పుడు ఇంటర్న్‌లకు నెలకు 10,000 రూపాయలు ఇస్తోంది. నీతి ఆయోగ్ ఇవ్వదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకే 2020 దాకా ఆ బుద్ధి పుట్టలేదు.

నా బాధ డబ్బు గురించి మాత్రమే కాదు. రెండు నెలలు ఢిల్లీలో సొంత ఖర్చుతో ఉండగలిగిన పిల్లలే బీదరికం మీద నివేదికలు రాస్తే, నెలాఖరుకు రేషను బియ్యం చాలని ఇంటి సంగతి ఆ గదిలో ఎవరికి తెలుస్తుంది? ప్రతిభ చూసే ఎంచామంటారు. కావచ్చు. గుమ్మం బయటే ఆగిపోయినవాళ్ల ప్రతిభ ఎవరు చూశారు? 1888లో ఈ తిరుత్తణిలో పుట్టిన రాధాకృష్ణన్ గారు స్కాలర్‌షిప్పులతో చదువుకున్నారు. బంధువొకరు తన తత్త్వశాస్త్ర పుస్తకాలు ఇవ్వబట్టే ఆ శాస్త్రం తీసుకున్నారని చెబుతారు. తర్వాత యునెస్కోలో మన దేశం తరఫున కూర్చున్నది ఆయనే.

పూలకొట్టు ఆయనతో, పోనీ నేనిస్తాను, తిరిగి ఇవ్వక్కరలేదు అన్నాను. "ఊరికే వద్దు సార్" అన్నాడు.

ఆ వేసవి అమ్మాయి కొట్లోనే కూర్చుని మాలలు కట్టింది.