ఒకే పాఠం, రెండు జీతాలు

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉపాధ్యాయుని జీతం పే రివిజన్ కమిషన్ సిఫారసులు చూసి ప్రభుత్వం నిర్ణయిస్తుంది. శ్రీకాకుళమైనా, అనంతపురమైనా స్కేలు ఒకటే. ఊరినిబట్టి మారేది ఇంటి అద్దె భత్యం.

మన విచారణ బడిలో ఎయిడు లేని పోస్టులో ఉన్న టీచరమ్మకు ఏ కమిషనూ లేదు. మనం కట్టే ఫీజుల్లోంచే ఆమె జీతం. పాఠం మాత్రం అదే. ఫీజు పెంచవద్దని అడిగేదీ మనమే.

పనివాడు ఒప్పుకున్నంత మాత్రాన తక్కువ కూలి న్యాయం కాదని, అది అతని బ్రతుకుతెరువుకు చాలాలని 13వ లియో పోపుగారు 1891లోనే బోధించారు. బీదబిడ్డకు ఫీజు తగ్గించడం ప్రేమే. ఆ తగ్గింపును టీచరమ్మ జీతంలో కోయడం అన్యాయం. ఆ లోటు విచారణ అంతా పంచుకోవాలి.

ఈ ఆదివారం కానుక వేసేటప్పుడు, మన బిడ్డచేత అక్షరాలు దిద్దించిన ఆమెను తలచుకుందామా?