తెల్లని పొగ: ఒక ప్రమాణవిచారము

తర్కము చదువుకొన్నవారికి కొండమీది పొగ చిరపరిచితము. పొగ కనబడుచున్నది గనుక కొండపై నిప్పున్నదనియు, వంటయింటిలో అట్లే చూచియున్నామనియు, ఆంధ్రుడైన అన్నంభట్టు పదునేడవ శతాబ్దమున బాలుర కొఱకు తర్కసంగ్రహము కూర్చిన నాటినుండి నేటివరకు విద్యార్థులు వల్లించుచునే యున్నారు. పొగను చూచిన ఆ బాటసారి పిమ్మట కొండయెక్కి నిప్పును చూచెనో లేదో ఎవ్వరును అడుగరు. చూడకున్నను అతనికి పోవునది ఏమియు లేదు. కాని పొగను బట్టి చేసిన నిర్ణయమునకు వేలకొలది రూపాయలు చెల్లింపవలసిన తావు లోకమున లేకపోలేదు. మెదక్ పట్టణమున రామాయంపేట దారిని మరమ్మతుకు వచ్చి నిలిచిన పాత అంబాసిడర్ కారు, వెనుక గొట్టమున తెల్లని పొగ విడుచుచు, నర్సాపూర్ అడవిదారిని సగములో వేడెక్కి ఆగిపోవుచున్నదని యజమాని మొఱపెట్టుకొనుచుండగా, దాని హెడ్ గ్యాస్కెట్ పోయినదా లేదా యని తేల్చవలసిన ఉస్తాదు ముందున్న ప్రశ్న న్యాయసూత్రకారుడైన గౌతముని ప్రశ్నయే.

బండి సంగతి కొంత చెప్పవలెను. ఉత్తరపారాలోని హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారమున 1958 మొదలు 2014 వరకు తయారైన ఈ కారు ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చున వచ్చినది. బహుకాలము దానిని నడపినది 1489 సి.సి.ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను. క్రింద బ్లాకు, పైన హెడ్డు, రెండును పోతయినుమువే. ఆ రెంటి నడుమ నలిగియుండు పలుచని పొర గ్యాస్కెట్. మంటయు, ఆ మంట వేడిని మోసికొనిపోవు నీరును, రాపిడిని తగ్గించు ఆయిలును ఒకదాని ప్రక్క నొకటి తమతమ దారులలో నుండి ఎన్నడును కలిసికొనకుండ కాచుట దాని పని. ఇంజను మితిమీరి వేడెక్కినచో హెడ్డు కంటికి తెలియనంత సన్నగా వంగును. వంగినచోట గ్యాస్కెట్ బిగువు తప్పును. తప్పినచోట మంట దానిని తినివేసి దారి చేసికొనును. ఆ దారి ఎటు తెరచుకొన్నదో దానిని బట్టి లక్షణములు మారును.

సిలిండరులోనికి నీరు దిగినచో ఆవిరియై తెల్లపొగగా వెలువడును. అందుచేత యజమాని ప్రతిజ్ఞను హేతువును ఒక్క ఊపిరిలో చెప్పివేయును: గ్యాస్కెట్ పోయినది, తెల్లపొగ వచ్చుచున్నది గనుక. ఉస్తాదు అంత త్వరగా ఒప్పుకొనడు. "తెల్ల పొగొస్తే గ్యాస్కెట్టేనా సారూ? సలికాలం పొద్దుగాల ఏ బండి సూసినా గట్లనే ఇడుస్తది. నీళ్ళు తగ్గుతున్నయా లేదా, ముందుగాల అది సెప్పుండ్రి" అనును. ఈ మాటలో శాస్త్రమంతయు నున్నది. లీటరు పెట్రోలు కాలినచో అందలి హైడ్రోజనునుండి పుట్టు నీరు దాదాపు లీటరుండును. గొట్టము వేడెక్కిన తరువాత ఆ నీరు అదృశ్యమైన ఆవిరిగా పోవును గాని, పుష్యమాసపు ఉదయమున చల్లని గొట్టము గుండ వచ్చునప్పుడు ధవళధూమమై కనబడి యజమాని గుండె ఝల్లుమనిపించును. కనుక తెల్లపొగ నిర్దోషమైన ఇంజనునందును కలదు. నైయాయికులు ఇట్టి హేతువును సవ్యభిచారమందురు. సాధింపదలచిన విషయమగు సాధ్యమున్న చోటనెల్ల ఉండి, హేతువున్న చోటనెల్ల ఉండనిది ఏదియో దానిని ఉపాధియని పేర్కొని, అది దొరికినంతనే అనుమానమును త్రోసివేయుదురు. సిలిండరులోనికి నీరు కారు ప్రతి ఇంజనునందును రేడియేటర్ నీరు తగ్గుట కలదు. తెల్లపొగ విడుచు ప్రతి బండియందును అది లేదు. ఉస్తాదు అడిగినది ఉపాధిని గూర్చియే. ఇక యజమాని తెల్లనిదని చెప్పిన పొగ నీలిరంగు తిరిగినదైనచో అది ఆయిలు కాలుచున్న గుర్తు. అప్పుడు హేతువే పక్షమునందు, అనగా విచారింపబడు ఆ ఇంజనునందు, లేకపోయినది గనుక వాదమంతయు స్వరూపాసిద్ధి యను దోషమున పడిపోవును.

దీనికి విపర్యయముగా మఱొక చిక్కు కలదు. పొగ లేకున్నను నిప్పుండవచ్చునని చెప్పుటకు తార్కికులు ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండును చూపుదురు: అందు అగ్ని కలదు, ధూమము లేదు, తడికట్టెతోడి సంయోగము లేని నిప్పు పొగను పుట్టింపదు. ఇంజనులోను ఇట్టి ఇనుపగుండు కలదు. గ్యాస్కెట్ రెండు సిలిండర్ల నడుమ సన్నని ఇరుకులో తెగినచో నీరు తగ్గదు, ఆయిలు పాలవలె తెల్లబడదు, పొగ రాదు. బండి బలము తప్పి కుంటుచు నడచును, అంతే. కంప్రెషను కొలిచి, ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లలో అది ఒక్కరీతిగా పడిపోయినదని కనుగొన్ననాడే ఆ దోషము బయటపడును. పొగ లేదు గనుక గ్యాస్కెట్ బాగున్నదని సంతోషించువాడును, పొగ ఉన్నది గనుక పోయినదని దుఃఖించువాడును ఒక్క బడిలో చదువుకొన్నవారే.

మంచి ఉస్తాదు ఒక్క లక్షణముతో తృప్తిపడడు. చల్లని ఇంజనుపై రేడియేటర్ మూత తీయించి, బండి స్టార్టుచేయించి, నీటిలో బుడగలు వరుసగా లేచుచున్నవేమో చూచును. అప్పుడే మొదలైన ఇంజనున నీరు మరుగుటకు వేళ కాలేదు గనుక, ఆగక పొంగివచ్చు బుడగలు మంటగదినుండి తప్పించుకొన్న వాయువని చెప్పుటకు బలము హెచ్చును. కొందఱు మరమ్మతుదారులు నీలిరంగు ద్రవమొకటి గాజుగొట్టమున పోసి రేడియేటర్ పై నిలిపి, ఆ వాయువును దాని గుండ లాగుదురు. కార్బన్ డయాక్సైడ్ తగిలినచో నీలము పసుపగును. ప్లగ్గులు విప్పి చూచినచో, మూడు మసిబారియుండగా ఒక్కటి మాత్రము ఆవిరితో కడిగినట్లు తెల్లగా ఉండవచ్చును. థర్మోస్టాట్ బిగుసుకొనుట, వాటర్ పంపు కారుట, రేడియేటర్ లో మడ్డి పేరుకొనుట, ఫ్యాను బెల్టు సడలుట, ఇవన్నియు వేడికి కారణములే గనుక వానిని ఒక్కొక్కటిగా త్రోసిపుచ్చవలెను. ఇంత చేసినను మిగులునది శుద్ధనిశ్చయము కాదు: హెడ్డు పగిలినను ఇవే బుడగలు, ఇదే పసుపు. గ్యాస్కెటో పగులో, రెంటిలో ఏదియో ఒకటియని మాత్రము చెప్పవచ్చును. అమ్మకమునకు పెట్టిన పాతబండ్ల రేడియేటర్లలో రంధ్రములు పూడ్చు మందులు పోసి లక్షణమును మాయచేసి దోషమును దాచు దళారుల విద్య వేఱు. దానిని తర్కశాస్త్రము ఛలప్రకరణమున చేర్చుకొనవచ్చును.

ఈ దశయందు చార్వాకుడు వచ్చి, ఇంత తర్జనభర్జన యెందుకు, హెడ్డు దించి కన్నులార చూడరాదా యనును. ప్రత్యక్షమొక్కటే ప్రమాణమని అతని పంతము. వినుటకు వినయమువలె తోచు ఈ మాటలో ఒక లోపమున్నది. దించిన హెడ్డుక్రింది గ్యాస్కెట్ మరల పనికిరాదు. నలిగిన పొరను తిరిగి బిగింపరాదు, క్రొత్తది కొనవలసినదే. అది నిర్దోషమని తేలినను దానిని పాడుచేసియే తేల్చితిమి. అనగా ప్రత్యక్షము ఇచట ఉచితముగా లభించునది కాదు. చూడవలెనా వద్దా యను నిర్ణయమే అనుమానముపై ఆధారపడినది. అనుమానము ప్రత్యక్షమునకు తక్కువరకపు ప్రతినిధి యనువారు ఈ సంగతి ఆలోచింపరు. ఏదైన చేయుటకు ఇంకను వ్యవధి యున్నంతకాలము మనుష్యునికి చేతనున్నది అనుమానమే.

సంశయమునకు హద్దెక్కడ? పదవ శతాబ్దపు ఉదయనాచార్యుడు ఆచరణముతో విరోధము వచ్చిన చోటనే హద్దన్నాడు: పొగ కావలసినవాడు నిప్పునే వెదకుచు, పొగకు నిప్పు కారణము కాదేమోయని శంకించుట తన పనికి తానే అడ్డుచెప్పుట. రెండు శతాబ్దముల పిమ్మట శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యమున ఉదయనుని పలుకులనే కొంచెము మార్చి అతనిపైనే త్రిప్పికొట్టినాడు. విరోధమున్నదనినచో శంకయు ఉన్నట్లే యని అతని వాదము. ఈ రెండు పక్షములును మెదక్ సీమకు పరాయివి కావు. మెదక్‌కు చేరువనున్న కొల్చారము మల్లినాథసూరి ఊరని ప్రసిద్ధి. కాళిదాస వ్యాఖ్యాతగా లోకమెఱిగిన ఆ పండితుడు వరదరాజుని తార్కికరక్షకు వ్యాఖ్య వ్రాసినాడు, శ్రీహర్షుని నైషధమునకును వ్రాసినాడు. నిర్మూలమైనది వ్రాయననియు, అనవసరమైనది పలుకననియు తనకు తానే కట్టడి విధించుకొన్న ఆ వ్యాఖ్యాత పద్ధతికిని, నీరు తగ్గినదో లేదో తెలియక హెడ్డుపై పానా పెట్టని ఉస్తాదు పద్ధతికిని దూరము లేదు.

నన్ను కలవరపెట్టునది ఇంతకన్న పెద్ద ప్రశ్న. జగత్తు కార్యము, కుండవలె; కనుక దానికొక కర్త కలడని ఉదయనుడు న్యాయకుసుమాంజలియందు సాధించినాడు. ప్రతివాదులు ఉపాధిని వెదకి పట్టుకొన్నారు: కర్తగలవియని మన మెఱిగిన కుండలు, బట్టలు అన్నియు శరీరధారి చేసినవే, మొలకకు, కొండకు అట్టి శరీరి కనబడడు. నైయాయికులు దీనికి సమాధానములు చెప్పినారు. అవి తీక్ష్ణమైనవే గాని నాకు తృప్తి కలిగింపలేదు. ఇంజను విషయమున ఎంత చిక్కుబడినను తుదకు దించి చూడదగిన హెడ్డొకటి కలదు. ఆ ఆశ వెనుక నుండుటచేతనే అనుమానము ధైర్యముగా అడుగు వేయును. జగత్తునకు అట్టి మూత లేదు. తప్పును దిద్దు ప్రత్యక్షము ఎన్నటికిని రాని చోట హేతువును మఱింత కఠినముగా పరీక్షింపవలసియుండగా, లోకమున జరుగుచున్నది దీనికి విరుద్ధము: కారు పొగను నమ్మనివాడు కలలో కనబడిన చిహ్నమును నమ్మును. కరవుదినములలో అన్నమునకై పనిచేసిన కూలీల చేతులతో కట్టబడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదక్ చర్చిలో మోకరిల్లువారును, శివరాత్రికి మంజీర పాయలు దాటి ఏడుపాయల వనదుర్గను సేవించువారును కార్యకారణవాదముతో అచటికి చేరినవారు కారు. వారి భక్తికి అనుమానమను పేరు పెట్టి నిలువబెట్టుట భక్తికిని, అనుమానమునకును అన్యాయమే.

ఉదయనుడు ఇది ఎఱుగనివాడు కాడు. ఈశ్వరుని గూర్చిన తన చర్చ శ్రవణానంతరమున చేయదగిన మననమనియు, అది ఉపాసనయే యనియు అతడు గ్రంథారంభముననే చెప్పుకొన్నాడు. అప్పటికే వినియున్నవాడు తన విన్నదానిని పరీక్షకు పెట్టుటయే గాని, విననివానిని బలిమిని ఒప్పించుట కాదన్నమాట. అందుచేత ప్రతివాది చూపిన ఉపాధి అతని ఉపాసనకు విఘ్నము కాక అందులో భాగమైనది. గ్రంథాంతమున అతడు భగవంతుని వేడుకొన్నది మఱింత ఆశ్చర్యకరము: నిన్ను కాదనుటకై పట్టుదలతో రేయింబవళ్ళు నిన్నే తలపోసినవారిని సైతము కాలక్రమమున కరుణించి తరింపజేయుమని.