అడుగు మార్చిన పడవ

చెరువు నిండితే పండగ చేసుకునే మదనపల్లె, పుంగనూరు సీమ మాది. పడవల సంగతి నీకేం తెలుసంటారు కదూ? 2025లో హంద్రీ-నీవా కాలువ వెంట కృష్ణా నీళ్ళు కుప్పం దాకా వచ్చాక నాకూ పడవల మీద ధ్యాస పుట్టింది.

ఫైబర్‌గ్లాస్ పడవను పైమెరుపు చూసి నమ్మలేం. కుళ్ళేది అడుగుపలక లోపల దాగిన చెక్క. సన్నని పగులులోంచి నీరు దిగుతుంది, ఆరే దారుండదు. పనితెలిసినవాడు, మనం కుండ కొనేటప్పుడు చూసినట్టే, తట్టి చూస్తాడు. మొద్దుగా మోగిన చోట కోసి, కుళ్ళు తీసి, బాగా ఆరనిచ్చి, గాజునార పరిచి రెసిన్ పడతాడు. తడిమీద వేసింది అంటుకోదు మరి!

ఇన్ని మార్చాక అది పాత పడవేనా? థీసియస్ ఓడకు ఏథెన్సువాళ్ళు పలకలు మారుస్తుంటే తత్వవేత్తలు ఇదే వాదించుకున్నారని ప్లూటార్క్ రాశాడు. నన్నడిగితే, ఎక్కినవాళ్ళను ఒడ్డు చేర్చేదే పడవ.

సంసారాలూ అంతే. పరువనే రంగు పూసి, కూతురి దుఃఖాన్ని అడుగున దాస్తాం. “సర్దుకో తల్లీ” అంటాం. కోస్తే ఇల్లు విడిపోతుందని భయం. కానీ మునిగేది కోయని పడవే. పుట్టింటికొచ్చిన పిల్ల మాట తగ్గించిందా? పైమెరుపు చూసి మురిసిపోకండి, ఒక్కసారి తట్టి చూడండి.