పక్కన కూర్చునే కథ

హైస్కూల్లో ఇంగ్లిషు పాఠం ఒక్కటే చెబితే మన పిల్లలకు అందదు. దానికి తోడుగా మరో రెండు మూడు రచనలు చదివించాలి. ఏవి చదివించాలన్నది చాలాసార్లు ఉపాధ్యాయులమైన మామీదే పడుతుంది. చిన్నదిగా కనిపించే ఈ పనిలో పెద్ద ప్రశ్న ఉంది: మన గురించి ఎవరి మాట పిల్లల ముందు పెట్టాలి?

నైజీరియా రచయిత చినువా అచేబే నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ 1958లో వచ్చింది. ఇగ్బో తెగకు చెందిన ఒకొంక్వో బతుకంతా చదివి చివరి పేజీకి వస్తాం. అక్కడ తెల్లదొర, తాను రాయబోయే పుస్తకంలో ఈ మనిషికి ఒక పేరా సరిపోతుందని అనుకుంటాడు. ఎవరో రాసిన పుస్తకాల్లో పేరాలుగా మిగిలిన మనకు ఆ పేజీ కొత్త కాదు.

మరి దాని పక్కన మనదేది పెట్టాలి? 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన కొద్దికాలానికే హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ వచ్చాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ వాచకాలు తయారయ్యాయి. 1948లో ఆయన ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ ఇంగ్లిషులో అచ్చయింది. ఆయన ఆ నవలలోని దొరలాంటివాడు కాదు. మన భూముల కోసం, చదువు కోసం పాటుపడ్డాడు. అయినా ఆయన విన్నవాడు. కిక్రి వాయిస్తూ తరతరాల కథ పాడి వినిపించింది మన పర్ధాన్‌లు. విన్నవాడి పుస్తకమే పాఠమై, పాడినవాడు బడి బయటే ఉంటే, కథ మనదైనా చదువు మనది కాదని పిల్లలు అనుకుంటారు.

పరీక్షకు రాని కథ ఎందుకని తల్లిదండ్రులు అడిగితే తప్పులేదు. ఇంగ్లిషు రాక ఎన్ని తలుపులు మూసుకుపోతాయో వాళ్లకు తెలుసు. మేము ఇంగ్లిషు తగ్గించమనడం లేదు. హైమన్‌డార్ఫ్ పేజీని ఇంగ్లిషులో చదివిద్దాం. అలాంటి కథనే పర్ధాన్ తాత నోట గోండీలో విననిద్దాం. రెండింటిలో తేడా ఏమిటో పిల్లలనే ఇంగ్లిషులో రాయమందాం.

ఒక జాగ్రత్త ఉంది. పెర్సపేన్ ముందు పాడేదంతా జిరాక్స్ కాగితం మీదికి రావలసింది కాదు. ఏది బడికి తేవచ్చో, ఏది పేన్ దగ్గరే ఉండాలో పాడేవారిని, పెద్దలను అడగాలి. అడగకుండా తీసుకుంటే ఆ దొరకూ మనకూ తేడా ఉండదు.

అందుకే పాఠం నల్లబల్ల మీద మొదలుపెట్టకముందే తాత ఇంటికి పోయి అడిగి వద్దాం. ఆయన వద్దంటే, ఆ మాటను కూడా పిల్లలకు పాఠంగానే చెబుదాం.